యాన్సిబుల్‌లో ఫ్యాక్ట్స్ గ్యాదరింగ్: ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి, ఏది నమ్మాలి

యాన్సిబుల్ అంటే చాలా సర్వర్లని ఒకే చోటినుంచి సెటప్ చేసే టూల్, దానికి చేయాల్సిన పనులు రాసిచ్చే ఫైలే ప్లేబుక్. ప్లేబుక్ రన్ కొట్టగానే స్క్రీన్ మీద మొట్టమొదట వచ్చేది "గ్యాదరింగ్ ఫ్యాక్ట్స్" అనే టాస్క్. ఫ్యాక్ట్స్ అంటే ఒక్కో సర్వర్ వివరాలు, ఓఎస్, మెమరీ, ఐపీ లాంటివి. అది మనం రాసింది కాదు, ఐనా ప్రతి ప్లే (ప్లేబుక్‌లో ఒక భాగం) మొదట్లో దానంతటదే వచ్చి కూర్చుంటుంది, చాలామంది దాని వైపు కూడా చూడరు. ఐదారు సర్వర్లు ఉన్నప్పుడు చూడకపోయినా పర్లేదు. వందల్లోకి వెళ్లాక మాత్రం అసలు పనికి పట్టే టైమ్ కంటే ఈ ఒక్క లైన్ దగ్గర ఆగే టైమే ఎక్కువ అవుతుంది, ఎందుకంటే ఫోర్క్స్ డిఫాల్ట్ 5, అంటే ఒక విడతకి ఐదు హోస్టులే (సర్వర్లే), మిగతావన్నీ క్యూలో.

ఒక చిన్న మాట ముందే చెప్తా. ఇక్కడ కమాండ్లు, వేరియబుల్ పేర్లు అన్నీ పలికినట్టు తెలుగులోనే రాస్తున్నా, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్‌లోనే కొట్టండి, అండర్‌స్కోర్ ఎక్కడ పెట్టానో అక్కడ అండర్‌స్కోర్ ఉన్నట్టే.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. యాన్సిబుల్‌కి సర్వర్ మీద ఏజెంట్ ఉండదు కదా, అందుకని ఎస్ఎస్‌హెచ్‌లో వెళ్లి సెటప్ అనే మాడ్యూల్‌ని (ఒక పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్) అక్కడికి కాపీ చేసి, ఆ సర్వర్‌లో ఉన్న పైథాన్‌తోనే దాన్ని నడిపిస్తుంది. అది ప్రాక్ ఫోల్డర్‌లో సీపీయూఇన్ఫో, మెమ్‌ఇన్ఫో చదువుతుంది, ఈటీసీలో ఓఎస్-రిలీజ్ లాంటి ఫైళ్లు చూస్తుంది, ఐపీ కమాండ్ కొట్టి నెట్‌వర్క్ వివరాలు తీసుకుంటుంది, అన్నీ కలిపి ఒక పెద్ద జేసన్ (పేరు-విలువ జతలుగా రాసే టెక్స్ట్) చేసి వెనక్కి పంపిస్తుంది. యాన్సిబుల్ లాంటి టూల్సే అయిన పప్పెట్‌లో ఈ పనికి ఫ్యాక్టర్ ఉంది, షెఫ్‌లో ఓహాయ్ ఉంది, ఆ రెండూ సర్వర్‌లో ఇన్‌స్టాల్ అయ్యి ఉంటే సెటప్ వాటిని కూడా పిలిచి వాళ్ల వివరాలు కూడా పట్టుకొస్తుంది. పాత పప్పెట్ సర్వర్లు యాన్సిబుల్‌కి మారుస్తున్నప్పుడు గ్యాదరింగ్ ఎందుకో స్లో అవుతోంది అనిపిస్తే ఫ్యాక్టర్ ఇంకా మిగిలిపోయి ఉందేమో ఒకసారి చూడండి.

ఇక పనిలోకి దిగుదాం. ప్లేబుక్ రాయకముందే ఒక సర్వర్ మీద ఏమేం వస్తున్నాయో కళ్లతో చూడండి, ఇది చేయకుండా వేరియబుల్ పేర్లు గుర్తున్నట్టు రాసుకుంటూ పోతే తర్వాత అన్‌డిఫైన్డ్ ఎర్రర్లతో కుస్తీ పట్టాలి. కమాండ్ ఇలా:

యాన్సిబుల్ వెబ్1 -ఎం సెటప్

వందల లైన్ల జేసన్ వచ్చి పడుతుంది. అంతా అక్కర్లేదంటే ఫిల్టర్ పెట్టండి:

యాన్సిబుల్ వెబ్1 -ఎం సెటప్ -ఎ "ఫిల్టర్=యాన్సిబుల్_డిస్ట్రిబ్యూషన్*"

ఇప్పుడు డిస్ట్రో పేరు, వెర్షన్, మేజర్ వెర్షన్, ఇలా కొన్ని లైన్లే వస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది, ఫిల్టర్ పెడితే పని తగ్గదు, చూపించేది మాత్రమే తగ్గుతుంది. సర్వర్ మీద సెటప్ పడే కష్టం అంతా పడుతుంది, చివర్లో మీకు కావాల్సింది మాత్రం చూపిస్తుంది అంతే. పైగా ఫిల్టర్ మొదటి లెవెల్ పేర్లకే పనిచేస్తుంది, లోపల ఉన్న అడ్రస్ లాంటి వాటికి పనిచేయదు. అన్ని హోస్టుల వివరాలు ఫైళ్లలో కావాలంటే ఇదే కమాండ్‌కి చివర్లో రెండు హైఫన్లు పెట్టి ట్రీ అని, ఒక డైరెక్టరీ పేరు ఇవ్వండి, హోస్ట్‌కి ఒక ఫైల్ చొప్పున రాసిపెడుతుంది. ఆడిట్ వాళ్లు "మన దగ్గర ఏ సర్వర్‌లో ఏ ఓఎస్ ఉందో లిస్ట్ ఇవ్వండి" అని అడిగినప్పుడు ఎక్సెల్‌లో చేత్తో రాసే బదులు దీన్ని వాడుకోవచ్చు.

నిజంగా పని తగ్గాలంటే వాడాల్సింది గ్యాదర్_సబ్‌సెట్. డిఫాల్ట్‌గా సెటప్, ఫేస్‌బుక్ అకౌంట్ తెరవడానికి జాతకం మొత్తం తెమ్మన్నట్టు అన్నీ అడుగుతుంది, మీకు కావాల్సింది మాత్రం ఓఎస్ పేరు ఒక్కటే అయ్యుండొచ్చు. సబ్‌సెట్లలో ముఖ్యమైనవి హార్డ్‌వేర్, నెట్‌వర్క్, వర్చువల్, మిన్. ముందు ఆశ్చర్యార్థకం పెడితే అది వద్దు అని అర్థం. ప్లే పైన, ఫ్యాక్ట్స్ తీసుకోవాలా వద్దా చెప్పే గ్యాదర్_ఫ్యాక్ట్స్ లైన్ తర్వాత, అదే లెవెల్‌లో ఇలా రాయండి:

గ్యాదర్_సబ్‌సెట్:
  - "!ఆల్"
  - "నెట్‌వర్క్"

కోట్స్ మర్చిపోవద్దు, ప్లేబుక్కులు రాసే ఫార్మాట్ యామల్‌లో ఆశ్చర్యార్థకానికి వేరే అర్థం ఉంది, కోట్స్ లేకపోతే పార్సింగ్ దగ్గరే తన్నేస్తుంది. ఇంకో సంగతి, "!ఆల్" అన్నా కూడా మిన్ సబ్‌సెట్ మిగిలే ఉంటుంది, దాన్ని కూడా తీసేయాలంటే "!మిన్" అని విడిగా చెప్పాలి. కానీ నేనైతే మిన్ తీయొద్దనే అంటా, ఎందుకంటే డిస్ట్రిబ్యూషన్, ఓఎస్ ఫ్యామిలీ, ప్యాకేజ్ మేనేజర్, సర్వీస్ మేనేజర్, యూజర్, తేదీ, మనం సర్వర్‌లో సొంతంగా పెట్టుకునే లోకల్ ఫ్యాక్ట్స్ అన్నీ అందులోనే వస్తాయి, అది పెద్ద బరువు కూడా కాదు. బరువంతా హార్డ్‌వేర్‌ది, మెమరీ, ప్రాసెసర్, డిస్కులు, మౌంట్లు (సర్వర్‌కి తగిలించిన ఫైల్‌సిస్టమ్‌లు) అన్నీ దాంట్లోనే.

ఆ మౌంట్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. గ్యాదరింగ్ ఒకే ఒక్క హోస్ట్ దగ్గర ఆగిపోయి, మిగతా అన్నీ ఓకే అయ్యి, ఎర్రర్ కూడా రాకుండా అలా వేలాడుతూ ఉంటే మొదట అనుమానించాల్సింది చచ్చిపోయిన ఎన్ఎఫ్ఎస్ మౌంట్‌ని (నెట్‌వర్క్ మీద వేరే సర్వర్ నుంచి తగిలించిన స్టోరేజ్). ఆ సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ చేసి డిస్క్ ఖాళీ చూపించే డీఎఫ్ కమాండ్ కొట్టండి. డీఎఫ్ కూడా ప్రాంప్ట్ ఇవ్వకుండా అలాగే కూర్చుంటే దొరికినట్టే, ఎందుకంటే సెటప్ కూడా ప్రతి మౌంట్‌కి ఎంత సైజు, ఎంత ఖాళీ అని అదే ప్రశ్న అడుగుతుంది, అవతల స్టోరేజ్ సర్వర్ జవాబు ఇవ్వదు. గ్యాదర్_టైమ్‌ఔట్ అని ఒకటి ఉంది, డిఫాల్ట్ 10 సెకండ్లు, కానీ కెర్నల్‌లో ఇరుక్కున్న కాల్‌ని అది ప్రతిసారీ విడిపించలేదు. అప్పటికి "!హార్డ్‌వేర్" పెట్టి పని కానిచ్చేయండి, తర్వాత మౌంట్ సంగతి స్టోరేజ్ టీమ్‌తో తేల్చుకోండి. మౌంట్ వివరాలు తప్పనిసరిగా కావాలంటే యాన్సిబుల్-కోర్ 2.18 నుంచి మౌంట్_ఫ్యాక్ట్స్ అని విడిగా మాడ్యూల్ వచ్చింది, ఏ ఫైల్‌సిస్టమ్ రకాలు చూడాలో, ఒక్కో మౌంట్‌కి ఎంతసేపు ఆగాలో, టైమ్ దాటితే ఏం చేయాలో అందులో చెప్పుకోవచ్చు.

ఫ్యాక్ట్స్ అస్సలు వాడని ప్లే అయితే, అంటే ఊరికే ఒక సర్వీస్ రీస్టార్ట్ కొట్టడం లాంటిది, గ్యాదర్_ఫ్యాక్ట్స్ ఫాల్స్ పెట్టేయండి. కొత్తగా లేపిన సర్వర్‌లో పైథాన్ లేకపోయినా ఇదే దారి, ఎందుకంటే గ్యాదరింగ్ అనేది ప్రీ_టాస్క్స్ కంటే కూడా ముందే జరుగుతుంది, మీరు పైథాన్ ఇన్‌స్టాల్ చేసే టాస్క్ ఎంత పైన రాసినా దాని దాకా రాకముందే ఫెయిల్ అవుతుంది. ఫాల్స్ పెట్టి, పైథాన్ అక్కర్లేని రా మాడ్యూల్‌తో పైథాన్ ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాత సెటప్‌ని మామూలు టాస్క్ లాగా మీరే పిలవండి. క్లౌడ్‌లో అప్పుడే బూట్ అవుతున్న మెషీన్ అయితే సెటప్ కంటే ముందు వెయిట్_ఫర్_కనెక్షన్ కూడా వేయండి.

ఇప్పుడు వాడకం. పాత ప్లేబుక్కుల్లో యాన్సిబుల్_డిస్ట్రిబ్యూషన్ అని నేరుగా వేరియబుల్ లాగా రాసేవాళ్లు, ఇప్పటికీ పనిచేస్తుంది గానీ కొత్త వెర్షన్లలో డెప్రికేషన్ వార్నింగ్ (ముందుముందు తీసేస్తాం అనే హెచ్చరిక) వస్తోంది, కాబట్టి కొత్తగా రాసేవి యాన్సిబుల్_ఫ్యాక్ట్స్['డిస్ట్రిబ్యూషన్'] అని రాయండి. చదివేవాడికి కూడా ఇది మనం పెట్టిన వేరియబుల్ కాదు, సర్వర్ నుంచి వచ్చింది అని వెంటనే అర్థమవుతుంది.

ఎక్కువగా వాడేది ఓఎస్_ఫ్యామిలీ. సెంట్‌ఓఎస్, రాకీ, అల్మా, ఒరాకిల్ లినక్స్ అన్నీ రెడ్‌హ్యాట్ అని వస్తాయి, ఉబుంటు అయితే డెబియన్ అని వస్తుంది. అపాచీ ప్యాకేజ్ పేరు ఒకచోట హెచ్‌టీటీపీడీ, ఇంకోచోట అపాచీ2 కదా, ప్రతి టాస్క్‌కి వెన్ అనే షరతు పెట్టుకుంటూ పోకుండా ఫ్యామిలీ పేరుతో రెండు వేరియబుల్ ఫైళ్లు పెట్టుకుని ఇంక్లూడ్_వార్స్‌లో ఆ ఫ్యాక్ట్‌నే ఫైల్ పేరుగా ఇచ్చేయండి. రెడ్‌హ్యాట్ ఫైల్ పేరులో ఆర్, హెచ్ రెండూ పెద్దక్షరాలు ఉండాలి, చిన్నక్షరాల్లో పెడితే ఫైల్ దొరకదు.

మేజర్ వెర్షన్ దగ్గర ఒక గుంట ఉంది, రెడ్ హ్యాట్ 10 వచ్చాక ఇది చాలామందికి తగులుతోంది. డిస్ట్రిబ్యూషన్_మేజర్_వెర్షన్ నంబర్ కాదు, స్ట్రింగ్. "వెర్షన్ 8 కంటే ఎక్కువైతే" అని స్ట్రింగ్‌తో పోల్చి రాస్తే 9 దాకా బాగానే నడిచింది, "10" దగ్గరికి వచ్చేసరికి మొదటి అక్షరం 1 చూసి ఇది 8 కంటే చిన్నది అనేస్తుంది, ఎర్రర్ రాదు, టాస్క్ నిశ్శబ్దంగా స్కిప్ అయిపోతుంది. ఎర్రర్ వస్తే కనీసం చూస్తాం, స్కిప్ అయితే ఎవరు చూస్తారు? ఇంట్ ఫిల్టర్ పెట్టండి, లేదా ఇంకా మంచిది, వెర్షన్ టెస్ట్ వాడండి, 22.04, 24.04 లాంటి చుక్కలున్న వెర్షన్లకి కూడా అదే కరెక్ట్.

మెమరీ, సీపీయూ ఫ్యాక్ట్స్ కాన్ఫిగ్ టెంప్లేట్లలో బాగా పనికొస్తాయి. పోస్ట్‌గ్రెస్ షేర్డ్_బఫర్స్‌కి ర్యామ్‌లో 25 శాతంతో మొదలుపెట్టమని వాళ్ల డాక్యుమెంటేషనే చెప్తుంది, అలాంటప్పుడు టెంప్లేట్‌లో మెమ్‌టోటల్_ఎంబీని 0.25తో గుణించి ఇంట్ చేసి పక్కన ఎంబీ అని రాస్తే 16 జీబీ సర్వర్‌కి, 64 జీబీ సర్వర్‌కి ఒకే టెంప్లేట్ సరిపోతుంది. కానీ టార్గెట్ అనేది కంటెయినర్ అయితే జాగ్రత్త. మెమ్‌ఇన్ఫో చదివితే మామూలుగా హోస్ట్ మెషీన్ మొత్తం మెమరీయే కనిపిస్తుంది, కంటెయినర్‌కి మీరు ఇచ్చిన లిమిట్ కనిపించదు. 2 జీబీ లిమిట్ ఉన్న దాంట్లో 64 జీబీకి లెక్కగట్టి కాన్ఫిగ్ పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. వర్చువలైజేషన్_టైప్ ఏంటో ముందు అసర్ట్‌తో చెక్ చేసి, కంటెయినర్ అయితే ఫెయిల్ చేసేయడం మంచిది.

ఐపీ అడ్రస్ విషయానికి వస్తే డిఫాల్ట్_ఐపీవీ4 కింద ఉన్న అడ్రస్ వాడండి, ఆల్_ఐపీవీ4_అడ్రసెస్‌లో మొదటిది తీసుకోవద్దు. డాకర్ ఉన్న మెషీన్‌లో 172.17.0.1 కూడా ఆ లిస్ట్‌లో ఉంటుంది, వరస మీద నమ్మకం పెట్టుకోకూడదు. డిఫాల్ట్ అంటే ఏంటంటే, బయటికి వెళ్లే ప్యాకెట్ ఏ ఇంటర్‌ఫేస్ నుంచి వెళ్తుందో రూటింగ్ టేబుల్‌ని అడిగి తీసుకున్నది, అందుకే డిఫాల్ట్ రూట్ లేని సర్వర్‌లో, ఉదాహరణకి ఇంటర్నల్ నెట్‌వర్క్‌లో మాత్రమే ఉండే డేటాబేస్ బాక్స్‌లో, అది ఖాళీగా వస్తుంది. రెండు నెట్‌వర్క్ కార్డులు ఉండి ప్రైవేట్ ఐపీయే కావాలంటే ఇంటర్‌ఫేస్ పేరుతో తీసుకోండి, అయితే పేరులో హైఫన్ ఉంటే ఫ్యాక్ట్‌లో అది అండర్‌స్కోర్‌గా మారిపోతుంది, ఇంటర్‌ఫేసెస్ లిస్ట్‌లో మాత్రం హైఫన్‌తోనే ఉంటుంది. లిస్ట్ మీద లూప్ తిప్పి ఒక్కోదాని వివరాలు తీసే టెంప్లేట్లు బీఆర్-ఏదో అనే బ్రిడ్జ్ ఉన్న సర్వర్ల మీద మాత్రమే పేలడానికి కారణం ఇదే. లూప్ లోపల రీప్లేస్ ఫిల్టర్‌తో హైఫన్‌ని మార్చుకుంటే సరి.

సీరియల్ నంబర్ కావాలా? ప్రొడక్ట్_సీరియల్ ఉంది, కానీ రూట్‌గా చదివితేనే వస్తుంది, బికమ్ (రూట్‌గా మారే ఆప్షన్) లేకుండా వెళ్తే "ఎన్ఏ" అని వస్తుంది. ఫెయిల్ అవ్వదు, ఎన్ఏ అని రాసి ఊరుకుంటుంది.

ఒక సర్వర్ కాన్ఫిగ్‌లో ఇంకో సర్వర్ వివరాలు కావాల్సి రావడం మామూలే. లోడ్ బ్యాలెన్సర్ కాన్ఫిగ్‌లో వెబ్ సర్వర్ల ఐపీలు రాయాలి అనుకోండి, అన్ని హోస్టుల వివరాలూ ఉండే హోస్ట్‌వార్స్ ద్వారా తీసుకుంటాం. ప్లేబుక్ మొత్తం రన్ చేసినప్పుడు అంతా బాగుంటుంది, లిమిట్ పెట్టి లోడ్ బ్యాలెన్సర్ ఒక్కదాని మీదే రన్ చేస్తే వెబ్ సర్వర్లని ఎవరూ అడగలేదు కాబట్టి వాటి ఫ్యాక్ట్స్ ఉండవు, టెంప్లేట్ పగిలిపోతుంది. దీనికి రెండు మార్గాలు. ఒకటి, లోడ్ బ్యాలెన్సర్ ప్లేలోనే ఒక సెటప్ టాస్క్ రాసి, వెబ్ గ్రూప్ మీద లూప్ తిప్పుతూ డెలిగేట్_టు ఆ హోస్ట్‌కి ఇచ్చి, డెలిగేట్_ఫ్యాక్ట్స్ ట్రూ పెట్టడం. డెలిగేట్_ఫ్యాక్ట్స్ పెట్టకపోతే వెబ్ సర్వర్ వివరాలు వచ్చి లోడ్ బ్యాలెన్సర్ పేరు మీద పడతాయి, అది ఇంకా పెద్ద గందరగోళం. రెండో మార్గం క్యాష్, అంటే ఒకసారి తీసుకున్న ఫ్యాక్ట్స్‌ని దాచిపెట్టి తర్వాతి రన్లలో వాడుకోవడం.

క్యాష్‌కి యాన్సిబుల్ డాట్ సీఎఫ్‌జీలో డిఫాల్ట్స్ సెక్షన్ కింద ఇవి పెట్టాలి:

గ్యాదరింగ్ = స్మార్ట్
ఫ్యాక్ట్_క్యాషింగ్ = జేసన్‌ఫైల్
ఫ్యాక్ట్_క్యాషింగ్_కనెక్షన్ = /వార్/క్యాష్/యాన్సిబుల్_ఫ్యాక్ట్స్
ఫ్యాక్ట్_క్యాషింగ్_టైమ్‌ఔట్ = 7200

గ్యాదరింగ్‌కి మూడు పద్ధతులు ఉన్నాయి, ఇంప్లిసిట్ అంటే ప్రతి ప్లేలో అడగడం, ఇదే డిఫాల్ట్, ఎక్స్‌ప్లిసిట్ అంటే మీరు చెప్తేనే అడగడం, స్మార్ట్ అంటే ఇంతకుముందు తీసుకోని హోస్ట్‌నే అడగడం. జేసన్‌ఫైల్ పెట్టకపోతే క్యాష్ మెమరీలోనే ఉండి రన్ అయిపోగానే పోతుంది. టైమ్‌ఔట్ సెకండ్లలో, డిఫాల్ట్ 86400, అంటే ఒక రోజు. 0 పెడితే ఎప్పటికీ పాతబడదు, అది మాత్రం పెట్టకండి.

స్పీడ్ బాగా తేడా కనిపిస్తుంది, కానీ క్యాష్ పెట్టాక మీ దగ్గర ఉన్నది ఇప్పటి సర్వర్ వివరాలు కాదు, అప్పుడెప్పుడో చూసినప్పటివి. ఓఎస్ పేరు రెండు గంటల్లో మారదు, ఖాళీ మెమరీ, డిస్క్‌లో మిగిలిన చోటు మారతాయి. డేట్_టైమ్ ఫ్యాక్ట్ అయితే మరీను, బ్యాకప్ ఫైల్ పేరులో దాన్ని వాడితే ఇప్పుడు తీసిన బ్యాకప్, గంట తర్వాత తీసినది ఒకే పేరుతో వచ్చి మొదటిది చెరిగిపోతుంది. అక్కడ నౌ ఫంక్షన్ వాడండి, అది కంట్రోల్ మెషీన్ టైమ్ ఇస్తుంది, టైమ్‌జోన్ వేరైతే అది గుర్తుపెట్టుకోవాలి. డిస్క్ ఖాళీ చూసి నిర్ణయం తీసుకునే టాస్క్ ఏదైనా సరే, దానికి ముందు సెటప్‌ని విడిగా టాస్క్‌గా పిలవండి, అలా పిలిస్తే క్యాష్ ఉన్నా లేకపోయినా సర్వర్ దగ్గరికి వెళ్లి అడిగే వస్తుంది.

స్మార్ట్, సబ్‌సెట్ కలిపి వాడితే ఇంకో తలనొప్పి ఉంది. ఒక ప్లేబుక్ "!ఆల్" పెట్టి మిన్ మాత్రమే తీసుకుని క్యాష్‌లో పెట్టింది, ఇంకోటి తర్వాత వచ్చి మెమ్‌టోటల్_ఎంబీ కావాలంది. స్మార్ట్ చూసేది "ఈ హోస్ట్‌ని అడిగారా లేదా" అనే, ఏమేం అడిగారు అని కాదు. అడిగారు కదా అని వదిలేస్తుంది, రెండో ప్లేబుక్ అన్‌డిఫైన్డ్ అని పడిపోతుంది, రేపు క్యాష్ టైమ్ అయిపోయాక అదే ప్లేబుక్ ముందు రన్ అయితే బ్రహ్మాండంగా నడుస్తుంది. ఒకరోజు నడిచి ఒకరోజు నడవని ప్లేబుక్ అంటే ముందు ఇది చూడండి. ఫ్లష్-క్యాష్ ఆప్షన్ ఇచ్చి మళ్లీ రన్ చేస్తే తేలిపోతుంది. నా అభిప్రాయం అడిగితే, క్యాష్ వాడే టీమ్ అందరూ ఒకే సబ్‌సెట్ మీద ఒప్పుకోవాలి, లేదంటే క్యాష్ జోలికి పోకుండా సబ్‌సెట్లతోనే సరిపెట్టుకోవాలి.

ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీలు, నడుస్తున్న సర్వీసులు సెటప్‌లో రావు, వాటికి ప్యాకేజ్_ఫ్యాక్ట్స్, సర్వీస్_ఫ్యాక్ట్స్ అని విడి మాడ్యూళ్లు. షెల్ మాడ్యూల్‌లో ఆర్‌పీఎం కొట్టి గ్రెప్ చేసే అలవాటు ఉంటే ఇవి చూశాక మానేస్తారు. ప్యాకేజీ వివరం లిస్ట్‌గా వస్తుంది, కెర్నల్ లాంటివి ఒకటికి మించి వెర్షన్లు ఉంటాయి కదా. సర్వీస్ పేరు సిస్టమ్‌డీ మెషీన్లలో చివర డాట్ సర్వీస్‌తో సహా రాయాలి.

రెడ్ హ్యాట్ 8 రకం సర్వర్లు ఇంకా ఉన్నవాళ్లకి: కంట్రోల్ మెషీన్‌లో యాన్సిబుల్-కోర్ 2.17 కానీ ఆ పైది కానీ వేస్తే గ్యాదరింగ్ దగ్గరే "ఫ్యూచర్ ఫీచర్ అనొటేషన్స్ ఈజ్ నాట్ డిఫైన్డ్" అని సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. సింటాక్స్ అన్నాడని మీ యామల్‌ని తిరగేయకండి, అందులో ఏ తప్పూ లేదు, ఆ సర్వర్‌లో ఉన్న పైథాన్ 3.6, 2.17కి కనీసం 3.7 కావాలి. కొత్త పైథాన్ వేసి యాన్సిబుల్_పైథాన్_ఇంటర్‌ప్రెటర్ దాని వైపు తిప్పితే ఫ్యాక్ట్స్ వస్తాయి గానీ తర్వాత డీఎన్ఎఫ్ మాడ్యూల్ దగ్గర ఇరుక్కుంటారు, ఎందుకంటే డీఎన్ఎఫ్ లైబ్రరీలు సిస్టమ్ పైథాన్‌కే కట్టి ఉంటాయి. అలాంటి సర్వర్లు అప్‌గ్రేడ్ అయ్యేదాకా వాటికోసం 2.16తో వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోవడమే తేలిక.

చివరిగా మన సొంత ఫ్యాక్ట్స్. ఈ సర్వర్ ఏ టీమ్‌ది, ప్రొడక్షనా టెస్టింగా, ఇందులో యాప్ ఏ వెర్షన్, ఇలాంటివి సెటప్‌కి తెలియవు. సర్వర్‌లో /ఈటీసీ/యాన్సిబుల్/ఫ్యాక్ట్స్.డి అనే డైరెక్టరీ చేసి, చివర డాట్ ఫ్యాక్ట్ అని ఉండే ఫైల్ పెట్టండి, ఐఎన్ఐ పద్ధతిలో రాసినా సరే, జేసన్ అయినా సరే. యాప్ డాట్ ఫ్యాక్ట్ అని పెట్టి అందులో జనరల్ సెక్షన్ కింద టీమ్=పేమెంట్స్ అని రాస్తే ప్లేబుక్‌లో యాన్సిబుల్_లోకల్ కింద యాప్, దాని కింద జనరల్, దాని కింద టీమ్ అని దొరుకుతుంది. ఐఎన్ఐలో కీ పేర్లు చిన్నక్షరాల్లోకి మారిపోతాయి, కాబట్టి మొదటినుంచే చిన్నక్షరాల్లో రాయండి. ఫైల్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉంటే దాన్ని స్క్రిప్ట్ అనుకుని రన్ చేసి, అది ప్రింట్ చేసిన జేసన్ తీసుకుంటుంది, అందుకే మామూలు టెక్స్ట్ ఫైల్‌కి పొరపాటున 0755 ఇస్తే పగులుతుంది, 0644 చాలు. ఇంకా, అదే ప్లేలో ఫైల్ కాపీ చేసి అదే ప్లేలో వాడాలంటే కాపీ తర్వాత సెటప్‌ని ఫిల్టర్=యాన్సిబుల్_లోకల్ పెట్టి మళ్లీ పిలవాలి, మొదట్లో గ్యాదరింగ్ జరిగినప్పటికి ఆ ఫైల్ అక్కడ లేదు కదా.

ఫ్యాక్ట్ ఫైళ్లలో పాస్‌వర్డ్లు, టోకెన్లు పెట్టకండి. క్యాష్ డైరెక్టరీలో అంతా ప్లెయిన్ టెక్స్ట్‌గా పడుతుంది, మిన్‌లో వచ్చే ఎన్వ్ ఫ్యాక్ట్ వల్ల ఆ యూజర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కూడా అందులోకి వస్తాయి. ఆ డైరెక్టరీని టెంప్‌లో కాకుండా పైన చూపించినట్టు వేరే చోట పెట్టి, ప్లేబుక్ నడిపే యూజర్ పేరు మీద 0700 ఇవ్వండి.